బూడిద కింద బతికినవాళ్లు మనకేమవుతారు?

(నంద్యాలలో విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర అడిగిన ప్రశ్నల్లో మూడింటిని చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, అందుకని అడిగాను.

కరపత్రంలో "మానవుడి పుట్టుక" అని వేశారు. ఆఫ్రికాలో 3 లక్షల ఏళ్ల కిందటి సంగతి నుంచి ఎత్తుకుంటే నంద్యాల చేరేసరికి తెల్లారిపోతుంది. (నవ్వులు) అందుకని ఈ పొద్దు తిరగేసి చెప్తాను. ఇక్కడ మొదలుపెట్టి, ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోదాం.

బనగానపల్లె దగ్గర జుర్రేరు వాగు లోయ ఉంది. అందులో జ్వాలాపురం. అక్కడ తవ్విన గుంతల పక్కన నిలబడి చూస్తే ఎర్రమట్టి, దాని కింద తెల్లటి పొర, దాని కింద మళ్లీ మట్టి కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఆ తెల్లటిదాన్ని సున్నం అనుకుంటారు. చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపితే మెత్తగానే ఉంటుంది, కానీ చివర్లో కాస్త గరుకు తగులుతుంది. సూక్ష్మదర్శినిలో పెడితే ఆ గరుకేంటో తెలుస్తుంది. సన్నటి గాజు పెంకులు. అది అగ్నిపర్వతం చిమ్మిన బూడిద. దాన్ని తవ్వి అమ్ముకున్నారు కూడా.

మన చుట్టుపక్కల అగ్నిపర్వతం ఎక్కడుంది? లేదు. అది ఇండోనేసియాలో, సుమత్రా దీవిలో ఉంది. పేరు టోబా. 74 వేల ఏళ్ల కిందట అది పేలింది. గత 20 లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు ఇంకోటి లేదు. పేలినచోట కొండ పోయి గొయ్యి మిగిలింది. ఆ గోతిలో ఇప్పుడు సుమారు 100 కిలోమీటర్ల పొడవున సరస్సు ఉంది. బూడిద బంగాళాఖాతం దాటి మన మీద పడింది. ఆకాశం నుంచి నేరుగా పడింది కొద్ది సెంటీమీటర్లే. మిగతాదంతా చుట్టూ ఉన్న గుట్టల మీద పడి, వానలకు కొట్టుకొచ్చి లోయలో పేరుకుంది. అందుకే కొన్నిచోట్ల ఆ పొర రెండు మీటర్లు దాటి ఉంటుంది.

ఇక్కడిదాకా భూగర్భశాస్త్రం. అసలు కథ ఆ బూడిద కింద ఉంది. ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జ్‌లో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా, వాళ్ల బృందం ఇక్కడ తవ్వి 2007లో ఫలితాలు ప్రకటించారు. బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి. బూడిద పైన కూడా దొరికాయి. రెండూ ఇంచుమించు ఒకే తీరు. సున్నపురాయి, చెకుముకి జాతి రాళ్లు, క్వార్ట్జైట్ పగలగొట్టి తీసిన పెచ్చులవి. ఆకాశం నల్లబడి, నీళ్ల నిండా గాజుపొడి పడినా, ఆ పని చేసే చేతులు అంతరించిపోలేదని దాని అర్థం.

కాలం ఎలా తేల్చారని పిల్లలు అడుగుతారు. మట్టిలోని క్వార్ట్జ్ రేణువు ఎండలో ఉన్నంతసేపు ఖాళీగా ఉంటుంది. ఎండ తగలకుండా పూడిపోయిన రోజు నుంచి చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత వల్ల దానిలో కొద్దికొద్దిగా శక్తి పోగవుతుంది. ప్రయోగశాలలో చీకట్లో దానిమీద వెలుగు వేస్తే, దాచుకున్న శక్తిని మెరుపుగా వదిలేస్తుంది. ఆ మెరుపును కొలిచి, ఎన్నాళ్లుగా చీకట్లో ఉందో లెక్కగడతారు. అలా చూస్తే బూడిద కింది మట్టి సుమారు 77 వేల ఏళ్లది, పై మట్టి సుమారు 74 వేల ఏళ్లది. అటూ ఇటూ ఆరేడు వేల ఏళ్లు తేడా ఉండొచ్చని వాళ్లే రాశారు. ఆ "అటూ ఇటూ"ను పత్రికలవాళ్లు వదిలేస్తారు, మీరు వదిలేయకండి.

సరే, ఆ పనిముట్లు చేసిందెవరు? మనుషులే కదా అంటారు. ఏ మనుషులు? అప్పటికి భూమ్మీద ఒకే రకం మనుషులు లేరు. యూరప్‌లో, పశ్చిమాసియాలో నియాండర్తల్‌లు ఉన్నారు. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన చిటికెన వేలి ఎముక ముక్కనుంచి 2010లో డీఎన్‌ఏ తీస్తే ఇంకో రకం మనుషులు బయటపడ్డారు. వాళ్ల ముఖం ఎలా ఉండేదో తెలియకముందే వాళ్ల జన్యువులు మనకు తెలిశాయి. ఇండోనేసియాలోని ఫ్లోరెస్ దీవిలో మూడున్నర అడుగుల మనుషులు ఉండేవాళ్లు. మన దేశంలో 1982లో నర్మద ఒడ్డున హథ్‌నోరా దగ్గర అరుణ్ సోనాకియాకు ఒక పుర్రె దొరికింది. అది మన జాతిది కాదు, మనకంటే పాతది. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో చేతిగొడ్డళ్లకు 15 లక్షల ఏళ్లు. అంటే మన జాతి పుట్టకముందే ఈ నేల మీద మనుషులు తిరిగారు. జ్వాలాపురంలో బూడిద కింద పనిముట్లతోపాటు ఎముక దొరకలేదు. రాయి మీద చేసినవాడి పేరు ఉండదు.

తవ్విన బృందం అది మన జాతి, అంటే హోమో సేపియన్స్ పనే అయ్యుండాలని వాదించింది. అదే కాలంలో ఆఫ్రికాలో మన జాతివాళ్లు చేసిన పనిముట్లతో పోలికలున్నాయని వాళ్ల ఆధారం. పాల్ మెల్లర్స్ అనే కేంబ్రిడ్జ్ పురావస్తు శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2013లో దీన్ని గట్టిగా ఖండించారు. మన జాతి ఇక్కడికి వచ్చింది 60 వేల ఏళ్లకు ఇవతలేనని, చిన్న చిన్న సూక్ష్మశిలా పనిముట్లు తెచ్చింది వాళ్లేనని ఆయన వాదం. 2020లో మధ్యప్రదేశ్‌లోని సోన్ నది లోయలో, ఢాబా అనే చోట, 80 వేల ఏళ్ల నుంచి టోబా మీదుగా తెగకుండా సాగిన పనిముట్ల వరస బయటపడింది. పెట్రాగ్లియా వర్గానికి మళ్లీ బలం వచ్చింది. ఈ తగవు ఇంకా నడుస్తోంది.

ఇక్కడ మట్టిని వదిలి రక్తం దగ్గరికి వద్దాం.

మీ ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న భాగం ఉంటుంది, దానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది, అది తల్లి నుంచే వస్తుంది. అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ, అలా వెనక్కి పోతూ ఉంటే ఆఫ్రికా బయట ఉన్న అందరి తల్లిదారులూ రెండు పెద్ద కొమ్మల్లో కలుస్తాయి. మన దేశంలో సగానికి పైగా జనం వాటిలో "ఎం" అనే కొమ్మకు చెందినవాళ్లు. 2005లో హైదరాబాద్‌లోని జీవకణాల పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, అండమాన్‌లోని ఓంగే తెగవాళ్ల తల్లిదారులు ఆ కొమ్మలోనే చాలా పాతకాలంలో విడిపోయాయని చూపించారు. ఇది ఒక దారి మాత్రమే. మొత్తం జన్యుపటం, అంటే మనిషి డీఎన్‌ఏ అంతా చూస్తే ఏం తేలుతుంది? 2025లో మన దేశంలోని 2,762 మంది పూర్తి జన్యుపటాలు చదివిన అధ్యయనం వెలువడింది. దాని ప్రకారం నేటి భారతీయుల జన్యు వైవిధ్యంలో అత్యధిక భాగం సుమారు 50 వేల ఏళ్ల కిందట ఆఫ్రికా దాటిన ఒకే పెద్ద వలస నుంచి వచ్చింది.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. జ్వాలాపురం పనిముట్లు 74 వేల ఏళ్లకు పైబడినవి. మన రక్తం చెప్పేది 50 వేల ఏళ్లు. మధ్య 24 వేల ఏళ్ల ఖాళీ. టోబా బూడిద పడ్డరోజు జుర్రేరు ఒడ్డున ఎవరో ఉన్నారు. వాళ్లు వేరే జాతి మనుషులైనా కావచ్చు, మన జాతివాళ్లే ముందుగా వచ్చినవాళ్లైనా కావచ్చు. ఏదైనా సరే, వాళ్ల నుంచి మనలో మిగిలింది దాదాపు లేదు, ఉన్నా చాలా కొద్ది.

నేను ఈ పొద్దు చెప్పదలచుకున్నది ఇదే. ఈ నేల మీద బతికినవాళ్లంతా మన పూర్వీకులు కారు. ఇంకాసేపట్లో తిరగేసి కూడా చూపిస్తాను: మన పూర్వీకులంతా ఈ నేల మీద బతికినవాళ్లు కారు. "ఇక్కడ మొదట ఎవరున్నారు" అన్నది ఒక ప్రశ్న, "మనం ఎవరి బిడ్డలం" అన్నది వేరే ప్రశ్న. రెంటినీ ఒకటిగా చేసినప్పుడల్లా గొడవలు వస్తున్నాయి.

మన జాతివాళ్లేనని నిస్సంకోచంగా చెప్పగలిగిన గుర్తులు జ్వాలాపురంలోనే, బూడిదకు చాలా ఇవతల ఉన్నాయి. ఒక కొండచరియ నీడలో, పరిశోధకులు తొమ్మిదో స్థలం అని పిలిచే చోట, 35 వేల ఏళ్ల కిందటి నుంచి సూక్ష్మశిలా పనిముట్లు వరసగా దొరికాయి. గోరంత రాతి బ్లేడ్లు. ఒక్కోటి చేతితో పట్టుకోవడానికి కాదు, కర్రకో ఎముకకో బిగించడానికి. వాటితోపాటు పూసలు. మనిషి పుర్రె ముక్కలు కూడా దొరికాయి. ఆకలి తీరడానికి బ్లేడు చాలు. రాయిని అరగదీసి, బెజ్జం వేసి, దారానికి ఎక్కించి మెడలో వేసుకున్నారంటే చూసేవాళ్లు ఉన్నారన్నమాట, ఫలానావాళ్లమని చెప్పుకోవాల్సిన అవసరం ఉందన్నమాట.

ఇక వేరే రకం మనుషులు పూర్తిగా పోయారా అంటే, పోలేదు. ఆఫ్రికా బయట ఉన్న అందరిలోనూ ఒకటి రెండు శాతం నియాండర్తల్ డీఎన్‌ఏ ఉంది. దీన్ని కనిపెట్టిన స్వాంటే పాబోకి 2022లో నోబెల్ వచ్చింది. ఆయన, హ్యూగో జెబర్గ్ కలిసి 2020లో ఇంకోటి చూపించారు. కోవిడ్ తీవ్రమయ్యే ముప్పును పెంచే ఒక జన్యుఖండం, మూడో క్రోమోజోమ్ మీదిది, నియాండర్తల్ నుంచే వచ్చింది. యూరప్‌లో అది తక్కువ. దక్షిణాసియాలో ఎక్కువ, బంగ్లాదేశ్‌లో అయితే 63 శాతం మందిలో కనీసం ఒక ప్రతి ఉంది. యూరప్ గుహల్లో పేరు తెచ్చుకున్న నియాండర్తల్ ఆస్తిలో ఈ ముక్క మనకే ఎక్కువ పడింది. (నవ్వులు)

ఇప్పుడు రెండో సగం: మన పూర్వీకులంతా ఈ నేల మీద బతికినవాళ్లు కారన్న మాట.

మన తాతలు ఎంతమంది? తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్ల తల్లిదండ్రులు నలుగురు, తర్వాత ఎనిమిది. తరానికి 25 ఏళ్లు వేసుకుంటే, 30 తరాల వెనక రుద్రమదేవి కాలం. ఆ తరంలో మీకు ఉండాల్సిన పూర్వీకుల సంఖ్య 107 కోట్లు. అప్పట్లో ప్రపంచ జనాభా మొత్తం అందులో సగం కూడా లేదు. అంటే ఒకే మనిషి మీకు వంద దారుల్లో తాత అవుతున్నాడు. ఇంటిపేరు పట్టుకుని, గోత్రం పట్టుకుని మనం లెక్కపెట్టేది ఆ 107 కోట్ల దారుల్లో ఒకే ఒక్క దారిని. మిగతావాళ్లను మరిచిపోయాం, అంతే.

ఆ మరిచిపోయినవాళ్లలో ఒకావిడ గురించి చెప్తాను. హర్యానాలో రాఖీగఢీ అనే ఊరు. సింధు నాగరికత కాలంలో అది పెద్ద పట్నం. అక్కడి శ్మశానంలో సుమారు 4,500 ఏళ్ల కిందట ఒక స్త్రీని కుండలతోపాటు పూడ్చిపెట్టారు. డీఎన్‌ఏకి వేడి పడదు, తేమ పడదు. సైబీరియాలో 50 వేల ఏళ్లు నిలిచేది మన ఎండలకు నాలుగు వేల ఏళ్లు నిలవడమే కష్టం. రాఖీగఢీలో 61 అస్థిపంజర నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఈమె ఒక్కర్తెదే. ఒంట్లో అన్నిటికంటే గట్టి ఎముక లోపలి చెవి చుట్టూ ఉంటుంది. అందులోంచి తీసిన పొడితో వందకు పైగా ప్రయత్నాలు చేసి, ముక్కలు ముక్కలుగా చదివి కూర్చారు. వసంత్ షిండే, డేవిడ్ రైక్, తంగరాజ్, నీరజ్ రాయ్ మొదలైనవాళ్లు 2019లో ప్రకటించారు.

ఆమెలో ఏముంది? రెండు వంశాలున్నాయి. ఒకటి అండమాన్ వాళ్లకు దూరపు చుట్టాలైన, ఈ ఉపఖండపు పాత వేటగాళ్ల వంశం. రెండోది ఇరాన్ వైపు జనంతో సంబంధమున్న వంశం. అది సేద్యం పుట్టకముందే ఇరాన్ వాళ్ల నుంచి విడిపోయిందని ఆ బృందం తేల్చింది. తజికిస్తాన్ వైపు పాత రైతుల నుంచి వచ్చి ఉండొచ్చని 2025 అధ్యయనం అంటోంది. ఇది ఇంకా తేలాలి. ఆమెలో లేనిది ఒకటుంది: నల్ల సముద్రానికీ కాస్పియన్‌కూ ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల పశుపాలకుల వంశం. అది ఇక్కడికి వచ్చింది ఆ తర్వాత, క్రీ.పూ. 2000 నుంచి 1500 మధ్య. ఈ మాట 2019లోనే వెలువడిన ఇంకో పెద్ద అధ్యయనంలో ఉంది. అందులో 523 మంది పాతకాలపు మనుషుల డీఎన్‌ఏ కొత్తగా చదివారు. తుర్క్‌మెనిస్తాన్‌లో, ఇరాన్‌లో పాత పట్నాల సమాధుల్లో అక్కడి జనంతో కలవని 11 మంది కనబడ్డారు. ఈ రాఖీగఢీ ఆవిడ లాంటివాళ్లే. వ్యాపారానికో, పెళ్లికో, ఇంకెందుకో సింధు ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లు అనుకోవాలి.

ఈమె మనకేమవుతుంది? ఉత్తరాన గడ్డిమైదానాల వాళ్లు వచ్చి ఈమె జనంతో కలిశారు. దక్షిణాన ఈమె జనం వచ్చి, పాత వేటగాళ్ల వంశం ఎక్కువగా ఉన్నవాళ్లతో కలిశారు. ఆ రెండు మిశ్రమాలు మళ్లీ కలిసి మనం. నంద్యాలలో కూర్చున్న మీరూ, లక్నోలో కూర్చున్నవాళ్లూ ఆవిడ జనం పేరు చెప్పుకోవచ్చు. పాళ్లలోనే తేడా.

పాళ్ల సంగతి 2009లో తేలింది. రైక్, తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 25 సమూహాల నుంచి 132 మందిని తీసుకుంది. ఆ జాబితా చదివితే మన ఊరి వీధులు గుర్తొస్తాయి: మాల, మాదిగ, చెంచు, కంసాలి, వైశ్య, నాయుడు, వెలమ. ఇందాక చెప్పిన రెండు మిశ్రమాల్లో ఉత్తరాది వైపుదాని పాలు దేశం మొత్తం మీద 39 నుంచి 71 శాతం మధ్య ఉంది. ప్రధాన భూభాగంలో వాళ్లు చూసిన సమూహాల్లో సున్నా శాతం ఎవరూ లేరు, నూరు శాతం ఎవరూ లేరు. నల్లమలలో మనం "అసలు ఆదివాసులు" అని వేలు చూపించే చెంచులు కూడా మిశ్రమమే.

ఎప్పుడు కలిశారు? దీనికి ఒక చక్కటి పద్ధతి ఉంది. ఎర్ర వీపు పేకముక్కల కట్ట ఒకటి, నీలం వీపు కట్ట ఒకటి తీసుకుని ఒక్కసారి కలిపితే, ఎర్రవి పదీ, నీలంవి పదీ వరసగా వస్తాయి. కలుపుతూ పోతే ఆ వరసలు చిన్నవైపోతాయి. వరస పొడవు చూసి ఎన్నిసార్లు కలిపారో చెప్పొచ్చు. డీఎన్‌ఏ కూడా తరానికోసారి అలా కలుస్తుంది. 2013లో ప్రియా మూర్జానీ బృందం ఈ లెక్క వేసి, మన దేశంలో ఆ రెండు మిశ్రమాల మధ్య కలయిక 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు జోరుగా సాగిందని తేల్చింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఎవరి గుంపులో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోవడం మొదలైంది.

1,900 ఏళ్ల కిందట ఇక్కడ ఎవరున్నారు? శాతవాహనులు. నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఉంది. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని పొగుడుతూ, నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడని రాయించింది. జన్యువుల లెక్కా ఈ శాసనమూ ఇంచుమించు ఒకే కాలానికి రావడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కానీ రాజు ఆజ్ఞ ఇస్తే దేశమంతా పెళ్లిళ్లు ఆగవు. ఒక శాసనం వాక్యాన్ని కారణంగా చూపించడం తప్పు. కలయిక జరుగుతోందని, అది కొందరికి నచ్చలేదని మాత్రం ఆ వాక్యం చెప్తుంది. ఇంకో సంగతి. అదే వంశంలో తర్వాత వచ్చిన వాసిష్ఠీపుత్ర శాతకర్ణి భార్య శక మహాక్షత్రపుడు రుద్రదాముడి కూతురని కన్హేరి శాసనం. శకులంటే మధ్యాసియా నుంచి వచ్చినవాళ్లు. కట్టడి కింది వాళ్లకు, వియ్యం పైవాళ్లకు. (నవ్వులు, చప్పట్లు)

ఈ కలయిక కాలంలో మన వైపు జనం ఎలా బతికారో చెప్పకుండా వదిలేస్తే మీకు వట్టి శాతాలే మిగులుతాయి. రాయలసీమ, పాలమూరు, బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లో బూడిద దిబ్బలుంటాయి. ఇది అగ్నిపర్వతం బూడిద కాదు. బళ్లారి వైపు జనం రాక్షసులను తగలబెట్టిన చోట్లని చెప్పుకునేవాళ్లు. 1957లో రేమండ్ ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక దిబ్బను కోసి చూశాడు. అది పశువుల దొడ్డి. మొద్దులు పాతి కంచె కట్టి, మందను అందులో తోలేవాళ్లు. పేడ గుట్టలుగా పేరుకున్నాక తగలబెట్టేవాళ్లు. మళ్లీ కట్టేవాళ్లు, మళ్లీ తగలబెట్టేవాళ్లు. ఆ పొరల్లో ఒకచోట ఆవుల గిట్టల గుర్తులు అచ్చుపడి ఉన్నాయి. సింధులో ఇటుకల పట్నాలు లేచిన రోజుల్లో మనవాళ్లు ఇక్కడ మందలు కాస్తూ, ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు పండిస్తున్నారు. గోధుమ, బార్లీ వాళ్లవి. మన పంటలు మనవి. వెనకబడ్డారని కాదు, ఈ వానకు, ఈ నేలకు తగ్గ పంటలు ఎంచుకున్నారు. ఇప్పటికీ ఉలవచారు తాగుతున్నాం కదా.

పెళ్లిళ్ల విషయంలో ఎవరి గుంపు చుట్టూ వాళ్లు గోడలు కట్టుకున్నాక ఏమైందో చెప్పి ఆపేస్తాను. ఒక చిన్న గుంపు తనలో తనే పెళ్లిళ్లు చేసుకుంటూ లక్షలకు పెరిగితే, మొదటి కొద్దిమందిలో ఎవరిలోనో ఉన్న ఒక లోపం అందరికీ పంచుకుపోతుంది. మేనరికం లేకపోయినా ఇది జరుగుతుంది. మేనరికం వేరే, దాని ముప్పు దానిది. మన దక్షిణాదిలో రెండూ కలుస్తాయి. 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఈ ఇరుకు, అంటే కొద్దిమంది నుంచే పెరిగిన గుర్తు, ఇలాంటి ఇరుకుకు ఉదాహరణగా చెప్పే ఫిన్లాండ్ వాళ్లకంటే, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులకంటే ఎక్కువగా ఉందని తేలింది. ఆ 81లో 14 సమూహాలు పది లక్షలకు పైగా జనాభా ఉన్నవి. 140 కోట్లకు పైగా మంది ఒకే పెద్ద జనాభా అనుకుంటాం, డాక్టరు చూడాల్సింది వేలకొద్దీ చిన్న జనాభాలను.

ఇక ప్రశ్నలు అడగండి. నాకంటే మీరే ఎక్కువ మాట్లాడాలి.

ఒక ఉపాధ్యాయుడు: సార్, సూటిగా చెప్పండి. ఆర్యులు వచ్చారా, రాలేదా?

సూటిగానే చెప్తాను. గడ్డిమైదానాల వైపు నుంచి క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో జనం వచ్చారు. వాళ్ల వంశం నేటి భారతీయుల్లో చాలామందిలో, వేర్వేరు పాళ్లలో ఉంది. అదే వంశం యూరప్‌లోకి కూడా పోయింది, సంస్కృతానికీ అటు భాషలకూ ఉన్న చుట్టరికానికి ఇది బాగా సరిపోతుంది. గుర్రాలెక్కి వచ్చి సింధు పట్నాలను కూల్చారన్నదానికి మాత్రం ఆధారం లేదు. ఆ పట్నాలు నదులు, వానలు మారి అప్పటికే ఖాళీ అవుతున్నాయి. వచ్చారంటే ఒక వర్గానికి కోపం, కూల్చలేదంటే ఇంకో వర్గానికి కోపం. నాకు ఇద్దరూ సమానమే. (నవ్వులు) వచ్చినవాళ్లు ఎవరికీ పూర్తిగా తాతలు కారు, ఎవరికీ పూర్తిగా పరాయివాళ్లు కారు.

ఒక విద్యార్థిని: ద్రావిడ భాషల జన్యువు అని ఒకటి ఉంటుందా సార్? తెలుగువాళ్లది వేరేగా తెలుస్తుందా?

లేదమ్మా. జన్యువుకు భాష రాదు. పాకిస్తాన్ బలూచిస్తాన్‌లో బ్రాహుయీలు ఉన్నారు. వాళ్లది ద్రావిడ భాష, మన తెలుగుకు దూరపు చుట్టం. రక్తం చూస్తే మాత్రం పక్కనున్న బలూచ్‌లలాగే ఉంటారు. ఒకప్పుడు మాట నిలిచి మనుషులు మారారో, మనుషులు నిలిచి పక్కవాళ్లతో కలిసిపోయారో. ఇక్కడా అంతే. నీ డీఎన్‌ఏ చూసి నీది ఏ ప్రాంతమో, ఏ సమూహమో కొంత ఊహించొచ్చు, ఎందుకంటే పెళ్లిళ్లు అలా జరిగాయి. నువ్వు తెలుగు మాట్లాడతావా, కన్నడం మాట్లాడతావా అన్నది చెప్పలేరు. ఆదోని వెళ్తే మనిషిని ఎదురుగా నిలబెట్టుకున్నా చెప్పలేం. ఆ ఊళ్లో ఒకే ఇంట్లో రెండూ మాట్లాడతారు. ద్రావిడ భాషల కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని 2018లో ఒక లెక్క వచ్చింది. బూడిద దిబ్బల కాలానికి అది దగ్గరగానే ఉంది, కాబట్టి ఆ పశువుల దొడ్ల దగ్గర మన భాష పూర్వరూపం వినిపించి ఉండొచ్చని కొందరి ఊహ. నాకు ఆ ఊహ ఇష్టమే. ఇష్టం వేరు, రుజువు వేరు.

వెనక వరస నుంచి ఒక పెద్దాయన: వైశ్యుల్లో మత్తు ఇంజెక్షన్ పడదని అంటారు, నిజమా? మేం వైశ్యులమే.

నిజంలో కొంత భాగం అది సార్, పూర్తిగా అలా కాదు. ఆపరేషన్ ముందు గొంతులోకి ఊపిరి గొట్టం వేయడానికి కండరాలను వదులు చేసే మందు ఒకటి ఇస్తారు. సక్సినిల్‌కోలిన్ దాని పేరు. మామూలుగా రక్తంలో ఉండే ఒక ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో కరిగించేస్తుంది. కొందరిలో ఆ ఎంజైము పనిచేయదు. అప్పుడు నిమిషాల్లో పోవాల్సిన మందు గంటలు ఉంటుంది, తనంతట తాను ఊపిరి తీసుకోలేరు. వెంటిలేటర్ మీద ఉంచి, మందు తగ్గేదాకా కాచుకుంటే ప్రమాదం లేదు. తెలియకపోతేనే ప్రమాదం. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్లకంటే ఎక్కువని, కారణమైన మార్పు ఫలానాదని 2006లో కనుక్కున్నారు. చాలా తరాల కిందట ఒక చిన్న గుంపులో ఉన్నది అలా పంచుకుపోయింది. అయినా ఎక్కువమంది వైశ్యుల్లో అది లేదు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు ప్రతులూ అందినవాళ్లకే ఇబ్బంది. ఇతర కులాల్లోనూ అరుదుగా ఉంది.

మీరు చేయాల్సింది చిన్న పని. ఇంట్లో ఎవరికైనా, అన్నదమ్ముల పిల్లలతో సహా, ఆపరేషన్ తర్వాత ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా, ఎక్కువసేపు వెంటిలేటర్ మీద ఉంచారా అని కనుక్కోండి. ఆపరేషన్ నిశ్చయమైనప్పుడు సర్జన్‌తో కాదు, మత్తు డాక్టరుతో ఆ మాట చెప్పండి. ఆయన రక్తంలో ఆ ఎంజైము పరీక్ష చేయిస్తారు, లేదా ఆ మందు బదులు వేరేది వాడతారు. లోపం ఉందని తేలితే ఒక కాగితం మీద రాయించుకుని మీ ఫైల్లో పెట్టుకోండి, తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించండి. వాళ్లలో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.